టస్కనీ తెల్లమట్టి రోడ్ల మీద సైకిల్ టూర్: అందరూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఇటలీలో సియెనా చుట్టుపక్కల కొండల్లో రెండుసార్లు సైకిల్ మీద తిరిగాను, ఒకసారి ఏప్రిల్ చివర్లో, ఇంకోసారి సెప్టెంబర్‌లో. అప్పట్నుంచీ మన సైక్లింగ్ గ్రూపుల్లో అవే డౌట్లు, వారానికి ఒకరైనా మెసేజ్ పెడతారు, ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసేకంటే ఒక్కచోట రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను, దేనికది విడిగా చదువుకోవచ్చు.

## వెళ్దామా వద్దా అనుకునేటప్పుడు

అసలు టస్కనీలోనే ఎందుకు? ఇటలీలో ఆల్ప్స్ ఉన్నాయిగా?

ఆల్ప్స్‌లో ఒక్క కొండ పట్టుకుంటే ఇరవై కిలోమీటర్లు ఎక్కుతూనే ఉండాలి, దారిలో ఊళ్ళు కూడా తక్కువే. సియెనా జిల్లాలో అలా కాదు, ఎక్కుడు రెండు మూడు కిలోమీటర్లే ఉంటుంది, పైన ఒక రాతి ఊరు, ఊళ్ళో ఒక కాఫీ బార్, ఒక నీళ్ళ కుళాయి, ఆ తర్వాత దిగుడు, మళ్ళీ ఇంకో కొండ. ఉత్తరాన కియాంటి ద్రాక్షతోటలు, అడవులు, మధ్యలో క్రేతె సెనేసి అనే బోడి బంకమట్టి గుట్టలు, దక్షిణాన గోధుమ పొలాల వాల్ దోర్చా లోయ, ఇవన్నీ ఒక్క వారంలో సైకిల్ మీద చూసేయొచ్చు. వాల్ దోర్చాని 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు, విశేషమేంటంటే అడవి, కొండ అని కాదు, రైతులు వందల ఏళ్ళుగా తీర్చిదిద్దిన పొలాల రూపం కోసం పెట్టారు. పొలం చూసి పెరిగిన మనలాంటివాళ్ళకి ఆ సంగతి అక్కడ నిలబడి చూస్తేనే అర్థమవుతుంది.

స్త్రాదె బియాంకె అంటే ఏంటి? రేస్ పేరు కదా?

ముందు అది రోడ్ల పేరు, రేస్ తర్వాత వచ్చింది. స్త్రాదె బియాంకె అంటే తెల్ల రోడ్లు, తారు వేయకుండా సున్నపురాయి కంకర, తెల్లమట్టి పరిచి గట్టిపరిచిన పల్లె దారులు. పొలాలకి, ద్రాక్షతోటలకి, విడివిడిగా ఉండే ఇళ్ళకి ఇవే దారి, కార్లు ట్రాక్టర్లు కూడా వీటి మీదే తిరుగుతాయి. ఈ రోడ్ల పేరుతో నడిచే ప్రొఫెషనల్ రేస్ 2007లో మొదలైంది, ఇప్పుడు మార్చి మొదట్లో జరుగుతుంది, సియెనా నడిబొడ్డున పియాజ్జా దెల్ కాంపో మైదానంలో ముగుస్తుంది.

లెరోయికా రూట్ అంటున్నారు, అదేంటి? ఎవరైనా తొక్కొచ్చా?

గయోలె ఇన్ కియాంటి అనే చిన్న ఊళ్ళో 1997లో జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన పాత సైకిళ్ళ పండగలాంటి రైడ్ మొదలుపెట్టారు, అదే లెరోయికా. తెల్ల రోడ్ల మీద తారు పోసేస్తుంటే వాటిని కాపాడాలన్నది దాని వెనకున్న ఆలోచన, మొదటి ఏడు 92 మంది వచ్చారు, ఇప్పుడు వేలల్లో వస్తున్నారు. అక్టోబర్ మొదటి ఆదివారం జరిగే ఆ రైడ్‌లో 1987కి ముందు తయారైన రోడ్ సైకిళ్ళనే రానిస్తారు, గేర్ లివర్లు ఫ్రేమ్ గొట్టం మీద ఉండాలి, బ్రేక్ వైర్లు హ్యాండిల్ బయట కనపడాలి. అయితే అదే దారిని శాశ్వత రూట్‌గా గోధుమరంగు బోర్డులతో గుర్తుపెట్టి ఉంచారు, మొత్తం 209 కిలోమీటర్లు, సగానికి పైగా తెల్లమట్టే. అది ఏడాదంతా తెరిచే ఉంటుంది, ఏ సైకిల్ మీదైనా వెళ్ళొచ్చు, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని చెప్పేది ఈ రూటే.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

ఫోటోల్లో కనపడే ఆ పచ్చటి అలల్లాంటి కొండలు కావాలంటే ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, గోధుమ చేలు పచ్చగా, మేలో మధ్యమధ్య ఎర్రటి గసగసాల పూలు. జూన్‌లో చేలు బంగారు రంగుకి తిరుగుతాయి, కోతయ్యాక దున్నేస్తారు. సెప్టెంబర్‌లో వెళ్ళి పచ్చదనం ఏదీ అని వెతుక్కున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, అప్పుడు నేలంతా గోధుమరంగు, బూడిదరంగు మట్టిగడ్డలే. కానీ ఆ నెలలో కియాంటి వైపు ద్రాక్ష కోతలు నడుస్తుంటాయి, ఊళ్ళన్నీ పులిసిన ద్రాక్షరసం వాసనేస్తుంటాయి, నాకైతే అది కూడా చాలా ఇష్టం. జులై, ఆగస్టు వద్దు, ఎండ 35 దాటుతుంది, క్రేతె సెనేసిలో నీడ కోసం చెట్టు కూడా దొరకదు. పైగా జులై 2న, ఆగస్టు 16న సియెనాలో పాలియో గుర్రప్పందాలు, ఆ రోజుల చుట్టూ రూములు దొరకడం చాలా కష్టం.

నేను రోజూ ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ మీద 50 తొక్కుతాను, సరిపోతుందా?

దూరానికి సరిపోతుంది, ఎత్తుకి సరిపోదు. లెరోయికా రూట్ మొత్తం మీద ఎక్కాల్సింది 3,500 మీటర్లకి పైనే, అంటే కిలోమీటరుకి సగటున 17, 18 మీటర్లు. 50 కిలోమీటర్ల రోజులో 850 మీటర్లు పైకి అన్నమాట. తిరుపతి నుంచి తిరుమలకి ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు, దానికంటే ఎక్కువ, కానీ ఒకే బిగిన కాకుండా పదిహేను ముక్కలుగా. ఆ ముక్కల్లో కొన్ని 12, 15 శాతం వాలు ఉంటాయి, అక్కడ ఫిట్‌నెస్ కంటే గేర్లు కాపాడతాయి. వెళ్ళేముందు రెండు నెలలు వారానికి ఒకసారి వికారాబాద్ అనంతగిరి లాంటి చోట అదే ఎక్కుడు నాలుగైదుసార్లు ఎక్కి దిగండి, వైజాగ్ వాళ్ళకైతే సింహాచలం, కైలాసగిరి దగ్గరే ఉన్నాయి. బ్యాగులు తగిలించుకుని ప్రాక్టీస్ చేయండి, ఖాళీ సైకిల్ మీద చేసిన ప్రాక్టీస్ అక్కడ సగమే పనికొస్తుంది.

రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

40 నుంచి 55. ఈ జవాబు విని ఇంతేనా అంటారు అందరూ, నేనూ మొదటి ట్రిప్‌లో 80 చొప్పున ప్లాన్ చేసి మూడో రోజుకి కాళ్ళు కదలక రెండు హోటళ్ళు క్యాన్సిల్ చేశాను. తెల్లమట్టి మీద ఎక్కుడులో గంటకి 7, 8 కిలోమీటర్లు వస్తే చాలు, దిగుడులో కూడా కంకర వల్ల వేగంగా వదల్లేం, దానికి తోడు ప్రతి మలుపులో ఆగి చూడాలనిపిస్తుంది. అక్కడికి వెళ్ళేదే అలా ఆగడానికి. ప్లాన్ కిలోమీటర్లలో కాకుండా ఎక్కే మీటర్లలో వేసుకోండి, బ్యాగులతో అయితే రోజుకి 900 మీటర్లు దాటనివ్వకండి.

మా ఆవిడకి అలవాటు లేదు, నాన్నకి 62, వాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, వాళ్ళకి ఈ-బైక్ అద్దెకి తీసుకోండి. సియెనాలో, గయోలెలో, ఫ్లోరెన్స్‌లో దొరుకుతాయి, యూరప్ రూల్ ప్రకారం గంటకి 25 కిలోమీటర్ల దాకా మోటార్ సాయం చేస్తుంది, ఆపైన ఆగిపోతుంది, తొక్కడం మాత్రం తొక్కాల్సిందే. బ్యాటరీ ఎంత ఎక్కుడు లాగుతుందో అద్దెకిచ్చేవాళ్ళని మీటర్లలో అడగండి, కిలోమీటర్లలో వాళ్ళు చెప్పేది చదును రోడ్డు లెక్క. బైక్ బరువు 23, 25 కిలోలు ఉంటుంది కాబట్టి కంకర దిగుడులో బ్రేక్ ఎలా పట్టాలో ఒక పూట ప్రాక్టీస్ చేయించి అప్పుడు దారిలోకి తీసుకెళ్ళండి.

## వీసా, సైకిల్, సామాను

వీసాకి సైకిల్ టూర్ అని రాస్తే రిజెక్ట్ చేస్తారా?

అది కారణం కాదు, టూరిజం కింద షెంగెన్ వీసాకే అప్లై చేస్తాం. వాళ్ళకి కావాల్సింది ఏ రాత్రి ఎక్కడ ఉంటారో తేదీల వారీగా స్పష్టంగా ఉండటం. సైకిల్ వాళ్ళం ప్రతి రాత్రీ ఊరు మారతాం కాబట్టి ఒక పేజీలో పట్టిక వేసి, తేదీ, ఊరు, బుకింగ్ నంబర్ రాసి పెట్టండి, క్యాన్సిల్ చేసుకోగలిగే రూములే బుక్ చేయండి. కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అందులో సైక్లింగ్ కూడా కవర్ అవుతుందా అన్నది పాలసీ కాగితంలో చదివి చూసుకోండి, కొన్నిట్లో సాహస క్రీడ అని తీసేస్తారు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, వీసా అపాయింట్‌మెంట్ స్లాట్ల గొడవ తెలిసిందే కదా, మే ట్రిప్‌కి జనవరిలోనే మొదలుపెట్టండి.

సొంత సైకిల్ తీసుకెళ్ళాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా?

వారం లోపు అయితే అద్దె, పది రోజులు దాటితే సొంతది, నా లెక్క ఇదీ. మొదటిసారి సొంతది తీసుకెళ్ళాను, గల్ఫ్‌లో ఫ్లైట్ మారేసరికి డబ్బా నలిగి డిస్క్ రోటర్ వంగింది, సగం రోజు మెకానిక్ దగ్గరే పోయింది. రెండోసారి సియెనాలో అద్దెకి తీసుకున్నాను, సీటు, పెడల్స్ మాత్రం నావి పట్టుకెళ్ళి బిగించుకున్నాను, ఒళ్ళు నొప్పుల్లో చాలా తేడా వచ్చింది. అద్దె సైకిల్‌తో ఇంకో జాగ్రత్త ఉంది, మన దగ్గర ముందు చక్రం బ్రేక్ కుడిచేతికి ఉంటుంది, అక్కడ ఎక్కువగా ఎడమచేతికి ఉంటుంది. కంకర దిగుడులో కంగారుపడి అలవాటు కొద్దీ ఎడమది గట్టిగా నొక్కితే ముందుకి పల్టీ కొడతాం, అందుకే తీసుకునేటప్పుడే అడిగి మార్పించుకోండి.

రోడ్ బైక్ చాలా, గ్రావెల్ కావాలా, ఎంటీబీ నడుస్తుందా?

గ్రావెల్ బైక్, అంటే కంకర దారుల కోసం చేసిన సైకిల్, 40 మిల్లీమీటర్ల టైర్లతో అయితే సరిగ్గా సరిపోతుంది. పాతకాలం రేసర్లు సన్న టైర్లతోనే తొక్కారు, నిజమే, కానీ వాళ్ళ వెనక బ్యాగులు లేవు. 32 కంటే సన్నవైతే బ్యాగులతో కష్టం. ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, నడుస్తుంది, తారు మీద కొంచెం బరువనిపిస్తుంది అంతే. టైర్ కంటే ముఖ్యం గేర్లు, ముందు చిన్న పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళున్నాయో వెనక పెద్దదానికి అంతకంటే ఎక్కువ ఉండాలి, ముందు 30 వెనక 36 లాగా. గాలి విషయానికొస్తే 40 టైర్‌కి 70 కిలోల మనిషికి సామానుతో 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. బండరాయిలా గాలి నింపితే కంకర మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు.

సామాను ఏం పెట్టుకోవాలి?

మొత్తం 8 కిలోలు దాటొద్దు, ప్రతి కిలో ఆ ఎక్కుళ్ళలో తెలుస్తుంది. రెండు జతల సైక్లింగ్ బట్టలు, సాయంత్రానికి ఒక జత, వాన జాకెట్, ఎండలో చేతులు కప్పే స్లీవ్స్, ఒక పల్చటి ప్యాంటు. ఆ ప్యాంటు చర్చిల కోసం, సంతాంతిమో, మోంతె ఒలివేతో లాంటి మఠాల్లోకి మోకాళ్ళు, భుజాలు కప్పుకుని వెళ్ళాలి. ట్యూబులు రెండు, ప్యాచులు, పంపు, ఛైన్ లింకు, మీ ఫ్రేమ్‌కి సరిపడే డిరైలర్ హ్యాంగర్, అంటే గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి తగిలించే ముక్క. ఈ చివరిది చిన్న ముక్కే, కానీ ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో రకం, పల్లెలో విరిగితే దొరకదు. గాలి నింపే గ్యాస్ క్యాట్రిడ్జులు విమానంలో తలనొప్పి, పంపే నయం.

ఆవకాయ, పొడులు తీసుకెళ్ళొచ్చా?

కందిపొడి, కరివేపాకు పొడి లాంటి ఎండు పొడులతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. నెయ్యి వద్దు, యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదని రూల్. పచ్చి కరివేపాకు కూడా వద్దు, మొక్కల పదార్థాలకి సర్టిఫికెట్ అడుగుతారు. పచ్చడి సీసా సైకిల్ బ్యాగులో కంకర కుదుపులకి కారకుండా ఉండదు, నా మాట విని పొడితో సరిపెట్టుకోండి, వేడి అన్నం దొరక్కపోయినా ఆలివ్ నూనె, పొడి, రొట్టె చాలా బాగా కుదురుతాయి.

## చేరడం, రైళ్ళు

హైదరాబాద్ నుంచి సియెనా ఎలా చేరాలి?

గల్ఫ్ మీదుగా రోమ్‌కి గానీ, మిలాన్, బొలోన్యాకి గానీ ఫ్లైట్, అక్కణ్ణుంచి రైలు. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి ఎంపోలి, పొజ్జిబోన్సి మీదుగా లోకల్ రైలు, గంటన్నర. రోమ్ నుంచి వచ్చేవాళ్ళు క్యూసిలో మారి అషానో మీదుగా సియెనా చేరొచ్చు, క్రేతె గుట్టల మధ్య నుంచి వెళ్ళే లైన్ అది, కిటికీ పక్కన కూర్చోండి. సియెనా స్టేషన్ కొండ కింద ఉంటుంది, ఊరు పైన, మధ్యలో పొడుగాటి ఎస్కలేటర్లు ఉన్నాయి. అలసిపోయి బరువైన సైకిల్‌తో వాటి మీద ఎక్కొద్దు, రోడ్డు మీద నెమ్మదిగా నడిపించుకుని వెళ్ళండి.

రైల్లో సైకిల్ ఎక్కనిస్తారా?

రెజొనాలె అనే లోకల్ రైళ్ళలో సైకిల్ బొమ్మ ఉన్న పెట్టెలో అలాగే ఎక్కించొచ్చు, మనిషి టికెట్ కాక సైకిల్‌కి వేరే టికెట్, నేను కట్టింది 3.50 యూరోలు, 24 గంటలు పనికొస్తుంది. చోటు కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఉదయం ఆఫీసు వేళ వద్దు. ఫ్రెచ్చారోస్సా లాంటి స్పీడ్ రైళ్ళలో చక్రాలు విప్పి 80, 110, 45 సెంటీమీటర్ల కొలతల్లో పట్టే సంచీలో పెడితేనే ఒప్పుకుంటారు. కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మెషిన్‌లో ముద్ర కొట్టించడం మర్చిపోవద్దు, ఫైన్ వేస్తారు, టూరిస్టులమని వదలరు.

సొంత ఈ-బైక్ విమానంలో వస్తుందా?

రాదు. ప్యాసింజర్ విమానంలో 160 వాట్ అవర్ దాటిన బ్యాటరీ ఎక్కించనివ్వరు, ఈ-బైక్ బ్యాటరీలు దానికి రెండు మూడు రెట్లు ఉంటాయి. అక్కడే అద్దెకి తీసుకోండి.

## దారిలో

లెరోయికా రూట్ ఎన్ని రోజుల్లో చేయాలి, ఎక్కడెక్కడ ఆగాలి?

అయిదు రోజులు తొక్కడం, మధ్యలో ఒక రోజు విశ్రాంతి. గయోలె నుంచి బయల్దేరగానే బ్రోలియో కోట ఎక్కుడు, రెండు పక్కలా సైప్రస్ చెట్లు, తెల్లమట్టి, మొదటి గంటలోనే ఈ టూర్ ఏంటో మొత్తం తెలిసిపోతుంది. 1872లో ఆ కోట యజమాని బెత్తీనో రికాసోలి కియాంటి వైన్‌కి ఏ ద్రాక్ష ఎంత కలపాలో రాసిపెట్టాడు, అదీ ఆ చోటు ఘనత. మొదటి రాత్రి సియెనా. రెండో రోజు రాది, ముర్లో మీదుగా బువోన్‌కొన్వెంతో, చుట్టూ ఇటుక గోడ ఉన్న చదును ఊరు, పడుకోవడానికి హాయిగా ఉంటుంది. మూడో రోజు మోంతల్చీనో, 560 మీటర్ల ఎత్తు, ఎక్కడానికి గంట పైనే పడుతుంది, పైనే రెండు రాత్రులు ఉండి మర్నాడు ఖాళీగా కూర్చోండి. తర్వాత తొర్రెనియేరి మీదుగా అషానో. ఆఖరి రోజు మోంతె సాంతె మరీయె, కాస్తెల్నువోవో బెరార్దెంగా, రాద్దా, మళ్ళీ గయోలె, ఇది పెద్ద రోజు, కాళ్ళు సహకరించకపోతే కాస్తెల్నువోవోలో ఆగి రెండుగా చేసుకోండి.

మోంతె సాంతె మరీయె అంత భయంకరమా? అందరూ అదే చెప్తున్నారు.

అషానో దగ్గర మొదలయ్యే 11.5 కిలోమీటర్ల తెల్లమట్టి ముక్క అది, వాలు కొన్నిచోట్ల 18 శాతం దాకా పోతుంది. స్త్రాదె బియాంకె రేస్ మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాంచెల్లారా పేరు దానికి పెట్టారు. బ్యాగులతో నేను నాలుగుచోట్ల దిగి నడిచాను, నడిస్తే తప్పేం లేదు. భయం ఎక్కుడు గురించి కాదు, దిగుడు గురించి ఉండాలి, వదులు కంకర మీద నిట్టనిలువుగా దిగి కిందనే మలుపు తిరుగుతుంది. కానీ బోడి గుట్టల అంచు మీద ఆ దారి వెళ్తుంటే రెండు వైపులా చూపు ఆనినంత దూరం నేల ముడతలు ముడతలుగా కనపడుతుంది, ఒక్క మనిషి ఉండడు, దూరంగా ఒక ఇల్లు, ఒక చెట్టు. నా రెండు ట్రిప్పుల్లోనూ నాకు బాగా గుర్తుండిపోయిన గంట అదే. తెల్లారే వెళ్ళండి, నీళ్ళు రెండు లీటర్లు పెట్టుకోండి, దారిలో ఎక్కడా దొరకవు.

కంకర దిగుడులో ఎలా తొక్కాలి?

కార్ల చక్రాలు నడిచిన గాడిలో వెళ్ళండి, అక్కడ మట్టి గట్టిగా ఉంటుంది, మధ్యలో, అంచుల్లో వదులు రాళ్ళు పోగవుతాయి. బ్రేక్ మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే వేసేయాలి, మలుపులో వేయకూడదు. పిర్ర సీటు నుంచి కొంచెం లేపి వెనక్కి జరగండి, మోచేతులు బిగబట్టకండి. ముందు చక్రం కొంచెం అటూ ఇటూ జారుతుంటే కంగారుపడి హ్యాండిల్ తిప్పొద్దు, అదే సర్దుకుంటుంది.

వాన పడితే?

క్రేతె సెనేసి మట్టి తడిస్తే అచ్చం మన నల్లరేగడి లాగే, చక్రానికి పట్టుకుని ఫోర్కులో ఇరుక్కుని సైకిల్‌ని కదలనివ్వదు. మొదటి ట్రిప్‌లో అషానో దగ్గర వాన వెలిశాక పర్లేదులే అని మట్టి దారిలోకి దిగాను, అర కిలోమీటర్‌లో ఛైన్‌కి మట్టి చుట్టుకుని డిరైలర్ హ్యాంగర్ విరిగింది, సైకిల్ భుజాన వేసుకుని తారు రోడ్డు దాకా నడిచాను. కియాంటి వైపు రాళ్ళ నేల కాబట్టి తడిసినా తొక్కొచ్చు. క్రేతెలో మాత్రం గట్టి వాన పడితే ఒక రోజంతా ఎండనివ్వండి, ఆ రోజుకి అషానో నుంచి సియెనా వెళ్ళే తారు రోడ్డు పట్టుకోండి, లౌరెతానా అంటారు, చూడ్డానికి అదీ ఏమాత్రం తక్కువ కాదు.

ట్రాఫిక్ ఎలా ఉంటుంది? కుడివైపు తొక్కడం అలవాటవుతుందా?

నడుస్తున్నప్పుడు అలవాటవుతుంది, ఆగి బయల్దేరేటప్పుడే పొరపాటు జరుగుతుంది. కాఫీ తాగి బయటికొచ్చి ఖాళీ రోడ్డు మీద మనకి తెలియకుండానే ఎడమవైపు ఎక్కేస్తాం, నాకు రెండుసార్లు అయింది, హ్యాండిల్ మీద ఎర్ర టేప్ ముక్క కుడివైపు అంటించుకున్నాక పోయింది. రౌండబౌట్ దగ్గర కుడికి తిరిగి వెళ్ళాలి, ఎడమ నుంచి వచ్చేవాళ్ళని చూసుకోవాలి. ఊరి బయట ఒకరి వెనక ఒకరు వెళ్ళడం రూల్. సియెనా, ఫ్లోరెన్స్ మధ్య సూపర్‌స్త్రాదా హైవే మీదికి సైకిళ్ళు వెళ్ళకూడదు, మ్యాప్ అటు చూపించినా ఎక్కొద్దు. కాస్సియా అనే పాత రోమన్ దారి కూడా లారీలతో ఉంటుంది, వీలైనంత తప్పించుకోండి.

హెల్మెట్, లైట్ రూల్స్ ఏంటి?

పెద్దవాళ్ళకి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ వదులు కంకర మీద హెల్మెట్ లేకుండా దిగడం నేను ఊహించలేను. చీకటి పడ్డాక ఊరి బయటా, సొరంగాల్లో ఎప్పుడైనా, మెరిసే జాకెట్ వేసుకోవడం, లైట్లు పెట్టుకోవడం రూల్. మందు తాగి తొక్కితే కారు నడిపినట్టే కేసు, పరిమితి కూడా అదే, లీటర్ రక్తంలో 0.5 గ్రాములు. మోంతల్చీనోలో బ్రునెల్లో వైన్ రుచి చూడాలంటే ఆ రోజుకి తొక్కడం అయిపోయాకే కూర్చోండి.

కుక్కలు వెంటపడతాయా?

మన ఊళ్ళల్లో లాగా వీధి కుక్కలు ఉండవు. గొర్రెల మందలున్న చోట పెద్ద తెల్ల మరెమ్మా కుక్కలు ఉంటాయి, అవి మందని కాపలా కాస్తాయి, మనల్ని దూరం పంపడమే వాటి పని. వేగంగా దాటేయాలని చూడొద్దు, దిగండి, సైకిల్ మీకూ కుక్కకీ మధ్య పెట్టుకోండి, మందకి దూరంగా మెల్లగా నడవండి, మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండండి. మందని దాటాక అవే ఆగిపోతాయి.

తుపాకుల చప్పుడు వినపడిందని ఒకరు రాశారు, నిజమా?

నిజమే, వేట, ముఖ్యంగా అడవిపందులది. సెప్టెంబర్ మూడో ఆదివారం నుంచి జనవరి చివరి దాకా వేట సీజన్, మంగళ, శుక్రవారాలు మాత్రం దేశమంతా వేట నిషేధం. ఆ నెలల్లో కియాంటి అడవి దారులు ఆ రెండు రోజులకి పెట్టుకోండి, మిగతా రోజుల్లో నారింజ రంగు బట్టలు వేసుకోండి.

నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

దాదాపు ప్రతి ఊరి సెంటర్‌లో కుళాయి ఉంటుంది. ఆక్వా పోతాబిలె అంటే తాగే నీళ్ళు, మధ్యలో నోన్ ఉంటే తాగకూడదు. ఊరు దూరంగా ఉంటే శ్మశానం వెతకండి, సమాధుల మీద పూలకి నీళ్ళు పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది, అక్కడి సైకిల్ వాళ్ళు కూడా అక్కడే పట్టుకుంటారు. ఆ కుళాయికీ బోర్డు చూసుకోండి.

మ్యాప్ ఏది వాడాలి?

లెరోయికా జీపీఎక్స్ ఫైల్, అంటే దారి గీత ఉన్న మ్యాప్ ఫైల్, ఫోన్‌లో ఆఫ్‌లైన్ దించుకోండి, లోయల్లో సిగ్నల్ పోతుంది. గోధుమరంగు బోర్డులు బాగానే ఉంటాయి కానీ కొన్ని పొదల వెనక దాక్కుంటాయి. మామూలు కారు మ్యాప్ నమ్మితే ఎవరిదో ద్రాక్షతోట గేటు ముందు తేలతారు.

## తిండి, పడక

శాకాహారులకి కడుపు నిండుతుందా?

బాగా నిండుతుంది, అడిగి తినాలంతే. పీచి అని చేత్తో పేనిన లావుపాటి పాస్తా ఇక్కడి సొంతం, పీచి అల్లాల్యోనె అంటే టమాటా, పెద్ద వెల్లుల్లితో చేసింది, మన నోటికి వెంటనే పట్టేస్తుంది. రిబొల్లీత అనేది పాత రొట్టె, చిక్కుడు గింజలు, నల్ల క్యాబేజీ వేసి ఉడికించిన గట్టి సూప్, చలిరోజు తొక్కి వచ్చాక అమృతం. పాప్పా అల్ పొమొదోరొ అంటే టమాటాలో నానిన రొట్టె. జాగ్రత్త ఎక్కడంటే, బోర్డు మీద క్రొస్తీని నేరి అని ఉంటే అది కోడి కాలేయం, సూప్ పోపులో పంది కొవ్వు వేయొచ్చు, సెంజా కార్నె అని చెప్పండి, అంటే మాంసం లేకుండా. చీజ్‌లో చాలావాటికి దూడ పొట్టలోంచి తీసిన తోడు వాడతారు, ఆ పట్టింపు ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి. రొట్టెలో ఉప్పు ఉండదు, మర్చిపోయారేమో అనుకోకండి, టస్కనీ రొట్టె అంతే, ఉప్పగా ఉండే పియెన్జా పెకొరీనో చీజ్‌తో తింటే ఎందుకలా చేస్తారో తెలుస్తుంది.

మధ్యాహ్నం మూడింటికి ఏమీ దొరకలేదు, ఆకలితో చచ్చాం అన్నారు ఒకరు, అంత కష్టమా?

అవును, ఇది చాలామందికి జరుగుతుంది. భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, ఆ తర్వాత వంటగది మూసేస్తారు, మళ్ళీ రాత్రి ఏడున్నరకే. కిరాణా కొట్లు కూడా ఒంటి గంట నుంచి నాలుగు, అయిదు దాకా మూత, ఆదివారం చాలా పల్లెల్లో రోజంతా మూతే. ఉదయం ఊరు దాటేముందే అలిమెంతారి అనే కిరాణా కొట్టులో రొట్టె కోయించి చీజ్, టమాటా పెట్టించుకుని బ్యాగులో వేసుకోండి. కాఫీ బార్‌లో నిలబడి తాగితే చవక, కూర్చుంటే కొన్నిచోట్ల రేటు పెరుగుతుంది. బిల్లులో కొపెర్తొ అని ఉంటే అది బల్ల ఖర్చు, మోసం కాదు.

ఎక్కడ పడుకోవాలి? టెంట్ వేసుకోవచ్చా?

ఇష్టమొచ్చిన చోట టెంట్ వేయకూడదు, క్యాంపింగ్ గ్రౌండ్లలోనే. నాకు బాగా నచ్చినవి అగ్రితూరిజ్మోలు, అంటే రైతు ఇంట్లో బస, వాళ్ళ తోటలో పండిన నూనె, కూరగాయలతోనే వండి పెడతారు. వేసవిలో కొందరు కనీసం రెండు మూడు రాత్రులు ఉండాలంటారు, ఒక్క రాత్రే, సైకిల్ మీద వస్తున్నాం అని ముందే మెయిల్ రాస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు. బుక్ చేసేముందు ఇల్లు ఎక్కడుందో ఎత్తు మ్యాప్‌లో చూడండి, ఊరి నుంచి రెండు కిలోమీటర్లు అని రాస్తారు, ఆ రెండూ నిట్టనిలువు మట్టి దారి కావచ్చు, రాత్రి భోజనానికి మళ్ళీ పైకి ఎక్కాలి. సైకిల్‌కి తాళం వేసే గది ఉందా అని కూడా అడగండి. కాంటర్బరీ నుంచి రోమ్ వెళ్ళే పాత యాత్రికుల దారి వియా ఫ్రాంచిజెనా ఈ ఊళ్ళ మీదుగానే పోతుంది, దాని పక్కన ఉన్న యాత్రికుల సత్రాలు కొన్ని సైకిల్ వాళ్ళని కూడా చేర్చుకుంటాయి.

ఇటాలియన్ రాకపోతే నడుస్తుందా?

సియెనాలో ఇంగ్లిష్ నడుస్తుంది, పల్లెల్లో తక్కువ. కొట్టులోకి వెళ్ళగానే బువోన్ జోర్నో అనకుండా అడగడం మొదలుపెడితే మొహం మాడ్చుకుంటారు, ఆ ఒక్క మాట ముందు అనండి. ఫొరాతూరా అంటే పంక్చర్, కామెరా దారియా అంటే ట్యూబు, సలీత ఎక్కుడు, దిషేజా దిగుడు. ఎక్కుడులో ముసలాయన ఎవరైనా మిమ్మల్ని చూసి ఫోర్జా అని అరిస్తే తొక్కు తొక్కు అని అర్థం, చెయ్యి ఊపండి.

## ఏదైనా జరిగితే, తిరిగొచ్చేటప్పుడు

పడి దెబ్బ తగిలితే?

ఎమర్జెన్సీ నంబర్ 112. చిన్న గీతలకి ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీకి వెళ్ళండి, ఫర్మాచీయ అంటారు, గాయం చూసి మందు ఇస్తారు. కంకర గాయంలో ఇసుక ఉండిపోతుంది, ఎంత మండినా నీళ్ళతో పూర్తిగా కడిగాకే కట్టు కట్టండి. ఆసుపత్రికి వెళ్తే ప్రతి కాగితం దాచుకోండి, ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు.

సైకిల్ మధ్యలో పాడైపోతే ఎవరు తీసుకెళ్తారు?

అద్దె సైకిల్ అయితే తెచ్చి మారుస్తారా, ఎంత దూరం వస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది తీసుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. సొంతదైతే దగ్గర్లో రైలు స్టేషన్ చూసుకోండి, బువోన్‌కొన్వెంతో, అషానో రెండూ స్టేషన్ ఉన్న ఊళ్ళే, అక్కణ్ణుంచి సియెనాలో మెకానిక్ దగ్గరికి చేరొచ్చు. ఆదివారం, పండగ రోజు రైళ్ళు బాగా తగ్గుతాయి.

తిరిగొచ్చేటప్పుడు సైకిల్ డబ్బా ఎక్కడ దొరుకుతుంది?

సియెనా, ఫ్లోరెన్స్‌లో సైకిల్ షాపుల్లో కొత్త సైకిళ్ళొచ్చిన అట్టడబ్బాలు ఉంటాయి, అడిగితే ఊరికే గానీ కొద్ది డబ్బుకి గానీ ఇస్తారు, కానీ రెండు మూడు రోజుల ముందే మెయిల్ రాసి పక్కన పెట్టించండి, సోమవారం పొద్దున చాలా షాపులు తెరవరు. పెడల్స్ విప్పడానికి సరిపడే పానా మీ దగ్గరే పెట్టుకోండి, ఎడమ పెడల్ మరలు తిరగేసి ఉంటాయని గుర్తుంచుకోండి. ప్యాక్ చేసేముందు టైర్లకి అంటిన తెల్లమట్టి బ్రష్‌తో బాగా కడిగేయండి.